మంగాయమ్మగారి కిరాయి మనుషులు

గణపవరం,
5-7-2003

హఫీజ్ గారికి మంగాయమ్మ నమస్కరించి రాస్తున్నది.

నేను లెక్కల టీచరుగా రిటైరయ్యాను. మోకాలి ఆపరేషనై మంచం మీద ఉన్నాను. పక్కనే కంప్యూటరుంది. మీ షాపు నుంచి తెప్పించుకున్న కార్ల ఆట నాకు కుదరలేదు. బ్రేకు వెతుక్కునేలోపే కారు సముద్రంలో పడుతోంది. నింపాదిగా ఆలోచించుకుని ఆడేది ఏదైనా ఉందా అండీ?

ఉంటాను,
మంగాయమ్మ

తా.క.: చదరంగం వద్దు. ఈ కంప్యూటరుకి పెద్దవాళ్లన్న మొహమాటం లేదు.

ఏలూరు,
9-7-2003

మంగాయమ్మగారికి హఫీజ్ సలాములు.

ఒకటుందండి, మీకు పడుతుందో లేదోనని సందేహం. కిరాయి సైనికులను కుదుర్చుకుని, శత్రువుల చేతిలో ఉన్న ఊళ్లను ఒక్కొక్కటే విడిపించాలి. మీ వంతు వచ్చాక గంటసేపు ఆలోచించినా ఎవరూ తొందరపెట్టరు. కాకపోతే తుపాకులు, రక్తం, బూతులు. సీడీ పంపుతున్నాను. నచ్చకపోతే తిప్పి పంపేయండి.

మీ విధేయుడు,
హఫీజ్

తా.క.: ఆ సైనికులకు ఒకరంటే ఒకరికి పడదు. అలిగి వెళ్లిపోతారు కూడానండి.

గణపవరం,
14-7-2003

హఫీజ్ గారికి,

ముప్పై ఏళ్లు స్టాఫ్ రూములో ఉన్నదాన్ని, అలకలు నాకు కొత్త కాదు. నలుగురిని కుదుర్చుకున్నాను. ఒకడు తాగుబోతే గానీ గురి తప్పడు. ఇక్కడ మా మరిది సత్యనారాయణమూర్తి నా చేలోకి నీళ్లొచ్చే తూము మూసేశాడు. నారు ఎండిపోతోంది. పెద్దమనుషులు చెప్పినా వినడం లేదు. శనివారానికల్లా ఉత్తరం వైపు నుంచి మనవాళ్లను దింపి పని ముగించేస్తాను.

ఇట్లు,
మంగాయమ్మ

తా.క.: బాంబులు వేసే మనిషి కావాలి. ఎవరిని పెట్టుకోమంటారు?

ఏలూరు,
16-7-2003

అమ్మా,

మీ కార్డు చూశాక అన్నం సయించలేదు. నేనమ్మింది ఆట అండీ. మరిదిగారి మీదకి మనుషుల్ని పంపకండి. ఆ నలుగురికీ ఏదో ఒకటి సర్దిచెప్పి వెనక్కి పిలిపించండి. బాంబులవాళ్లెవరూ నాకు తెలియరు.

భయంతో,
హఫీజ్

తా.క.: కవరు కోసం చూస్తే ఆలస్యమవుతుందని కార్డే రాశాను.

గణపవరం,
22-7-2003

హఫీజ్ గారికి,

నేను రాసిన మనుషులు తెర మీదవాళ్లేనండి. ఆటనూ తూమునూ ఒక్క కార్డులో ఇరికించడం నా తప్పే. అయితే మీ కార్డును పోస్టుమాన్ ఏసోబు నాకంటే ముందే చదివి, మా మరిదికి చెప్పాడు. పదేళ్లుగా మాటల్లేని మనిషి శనివారం పొద్దున్నే గుమ్మంలోకొచ్చి నిలబడ్డాడు. "వదినగారూ, తూము తెరిచేశానండి. ఆ నలుగురినీ ఆపండి" అన్నాడు. మొహం చూస్తే జాలేసింది. లోపలికి పిలిచి ఆ నలుగురినీ చూపించాను. కోప్పడతాడనుకున్నాను. కాసేపు చూసి, కుర్చీ దగ్గరకు లాక్కుని, "వీణ్ణి ఆ గోడ వెనక నుంచి పంపాలండి" అన్నాడు.

అప్పటి నుంచి భోజనానికి తప్ప లేవలేదు. ఇప్పుడు నీళ్లు నిండి నారుమడి మునిగిపోతోంది. తూము తాళం అతని మొలలో ఉంది. వెళ్లి మూసి రమ్మంటే, "ఈ ఒక్క ఊరూ అవనివ్వండి వదినగారూ" అంటున్నాడు.

ఇట్లు,
మంగాయమ్మ

తా.క.: ఈ ఆట సరిగ్గా సరిపోయింది మా మరిదికండి. వాళ్లింట్లోనూ కంప్యూటరుంది. ఇంకో సీడీ అర్జంటుగా అతని పేరున, అతనింటికే పంపండి.