పైలం అని పట్టుబడిన హంసరాణి

సాతంరాయి

బావకు,

అనుపమ రాస్తున్నది. ఇక్కడ అందరి ఒంట్లో బాగానే ఉంది. మనసుల సంగతి కింద రాస్తాను. ఆ కొండల చలిలో నువ్వూ కులాసాగానే ఉన్నావనుకుంటున్నాను. మీ సొరంగం పని దగ్గర సిగ్నల్ లేకపోవడం ఈసారి మంచిదే అయింది. ఫోనులో అయితే నేను అరిచేదాన్ని, నువ్వు "సరే సరే" అనేవాడివి.

అడిగినవాటికి ముందు జవాబులు. బోరు మోటారు బాగైంది. మన పిల్ల శిరీష దగ్గు తగ్గింది, దవాఖాన దాకా పోలేదు. మేడ మీది గదిలోకి విమానాశ్రయంలో పనిచేసే ఇద్దరమ్మాయిలు కిరాయికి దిగారు. వేళాపాళా లేని డ్యూటీలు గానీ మంచి పిల్లలు. ఇక, సినిమా ఎలా ఉంది, తెర మీద నీ పేరు పడిందా అని అడిగావు. పడింది. పడకపోతేనే బాగుండేది.

ఎనిమిదేళ్లుగా "ఉడత ఊరు" కార్టూన్లో పిల్ల తాబేలు గొంతు తప్ప ఇంకోటి నాకిచ్చిన పాపాన పోలేదు స్టూడియోవాళ్లు. అలాంటిది, ఆ కార్టూన్ మీద పెద్ద సినిమా తీసి అందులో హంసరాణికి గొంతు ఇమ్మన్నప్పుడు మనం ఎంత మురిసిపోయాం! కథ దొంగతనం మీద. విమానాశ్రయంలో నగల పెట్టె పోతుంది, ఉడత సారు దొంగను కనిపెట్టాలి. నాకు చెప్పింది అంతే. డబ్బింగు పనే అంత, మన ముక్కలు మనకిస్తారు, అవీ వరుస తప్పి. హంసరాణి మాటలన్నీ పుస్తకం చదివినట్టే ఉంటాయి. ఒక్క చోట మాత్రం, విమానం ఎక్కబోయే ఎవరికో పెట్టె అందిస్తూ "జాగ్రత్త" అనాలి. డబ్బింగు చూసే నవీన్‌కుమార్, "ఇది మాత్రం మీ ఇంట్లో అన్నట్టు అనండి మేడమ్" అన్నాడు. రాణి ఉన్నట్టుండి మనలా ఎందుకు మాట్లాడుతుందని అడిగాను. "మిస్టరీ సినిమా కదా, ముందే చెప్పకూడదు" అని నవ్వాడు.

నన్ను కన్న అవ్వ గడప దాటే ప్రతివాళ్లతో అనే మాటే నా నోటికొచ్చింది. "పైలం బిడ్డా" అన్నాను. అచ్చం అవ్వ గొంతుతో, చివర ఆ సాగదీతతో సహా. మన మాట రాణి నోట పలికిందని బస్సులో నాలో నేనే నవ్వుకుంటూ వచ్చాను. వెర్రిబాగులదాన్ని.

ఆదివారం శంషాబాద్‌లో సినిమాకు పోయాం. అవ్వ కొత్త చీర కట్టింది. "నా బిడ్డ రాణి అయింది, సూద్దువు రా" అని పక్కింటి అనంతమ్మను కూడా వెంటబెట్టుకొచ్చింది. ఆఖరున హంసరాణి పెట్టె అందించి "పైలం బిడ్డా" అనగానే ఉడత సారు గంతేశాడు. "దొరికావు! రాణులు ఇలా మాట్లాడరు!" అన్నాడు. నీళ్లు చల్లితే తెల్లరంగు కారిపోయింది. లోపలున్నది హంస కాదు, ఊర బాతు. అదే దొంగ. హాలంతా ఈలలు. మన శిరీష కూడా పగలబడి నవ్వింది బావా. "అమ్మమ్మా, బాతు అచ్చం నీలెక్కనే మాట్లాడింది!" అంది. దాన్ని ఏమని తప్పుపట్టను? ఉన్నమాటే అంది.

"బొమ్మల రంగులు మస్తుగున్నయి గదా దుర్గవ్వా" అని అనంతమ్మ మాట మార్చబోయింది. అవ్వ "ఊ" అంది. ఆ రోజు నుంచి శిరీష ముందు నోరు విప్పడం మానేసింది. అది బడికి పోతుంటే చెయ్యి ఊపేది, అంతే. పైనున్న అమ్మాయిలు పలకరించినా తలాడించి ఊరుకునేది. తల్లి పోయాక నువ్వు ఆ నోటి మాటలు వింటూ పెరిగినవాడివి. నీ మేనత్త నోరు మూతబడితే ఈ ఇల్లు ఎలా ఉంటుందో నీకు నేను చెప్పాలా?

నాకు ఒళ్లు మండిపోయింది. ఇప్పటికీ మండుతూనే ఉంది. దొంగను పట్టించే ఆనవాలు మనిషి మాటా? వేలిముద్రలు లేవా, అడుగుజాడలు లేవా? అంత తెలివిగల ఉడత అవి వెతకొచ్చుగా! ఇక్కడ మన పక్కన విమానాలు దిగే నేల నిన్నమొన్నటిదాకా దున్నినవాళ్లు ఏ మాట మాట్లాడారట?

తాబేలు పని ఉందని పిలిస్తే పోయి నవీన్‌కుమార్‌ను నిలదీశాను. ఆయనది ఎక్కడో కాదు, మన పక్కనున్న రావిర్యాలే. తల్లి ఫోను చేస్తే "తిన్ననే అవ్వా, నువ్వు తిన్నవా" అంటాడు. మైకు దగ్గరికొస్తే "భోంచేశారా అండీ" అవుతాడు.

"దొంగ దొరకాల్నంటె మా మాటనే దొరికిందా సార్?" అన్నాను.

"కామెడీ మేడమ్. పిల్లల సినిమాను ఇంత సీరియస్‌గా తీసుకుంటారా?"

"పిల్లలే నవ్వుతున్నరు. గదే నా బాధ. మీ అవ్వకు చూపిచ్చినవా?"

ఆయన ముఖం ఎర్రబడింది. "పేపర్లో 'జాగ్రత్త' అనే ఉంది. ఆ మాట మీరే ఇచ్చారు" అన్నాడు.

నిజమే బావా. మాట నేనే ఇచ్చాను.

ఇంతసేపూ నీకు రాయకుండా దాటవేసిన సంగతి ఇది. ఆ రోజే పని వదిలేశాను. మైకు ముందు నిలబడి పిల్ల తాబేలు మాటలన్నీ మన మాటలోనే చెప్పాను. "గిట్లెందుకు జేస్తున్నవ్ అన్నా, జర ఆగు" అని. ఆపమన్నాడు, ఆపలేదు. మైకు కట్టేశాడు. హెడ్‌ఫోన్లు బల్ల మీద పడేసి వచ్చేశాను. నిన్ను అడగలేదు. అడిగితే నిదానంగా ఆలోచించమనేవాడివి, నాకు నిదానించే ఓపిక లేదు.

ఇంటికొచ్చి, "నీ కోసం కొట్లాడి పని ఇడిసిపెట్టొచ్చిన అవ్వా" అని గొప్పగా చెప్పాను. శిరీష అక్కడే హోంవర్కు రాసుకుంటోంది. అవ్వ బియ్యం ఏరుతున్న చేట పక్కన పెట్టింది.

"ఇడిసిపెట్టొచ్చినవా? పిచ్చి మొకమా! మనల దొంగలన్నోడు ఆడ కుర్సీల కూసున్నడు. నువ్వేమో దొంగలెక్క ఉరికొస్తివా? ఆ తాబేలు ఏం జేసిందే నీకు? ఎనిమిదేండ్లు సాకినవ్ దాన్ని. ఇగ దాన్ని గూడ వాళ్లకే ఇడిసిపెడ్తవా?"

ఇన్నాళ్లు బిగబట్టిన మాటలన్నీ ఒక్కసారే వచ్చిపడ్డాయి. నన్ను తిట్టింది, నవీన్‌కుమార్‌ను తిట్టింది, "ఉడుత మొకపోడు" అని ఆ ఉడతనూ తిట్టింది. శిరీషకు నవ్వాగలేదు. "అమ్మమ్మా, గట్లనే ఇంకోసారి తిట్టు!" అంది.

అవ్వ దాని వైపు తిరిగింది. "ఆ దినం గూడ నవ్వినవ్ గదనే!"

పిల్ల నవ్వు ఆగిపోయింది. "నవ్విన" అంది మెల్లగా. పోయి అవ్వను ఆనుకుని కూర్చుంది. అవ్వ దాని తల నిమరలేదు. కోపం ఇంకా అలాగే ఉంది. కానీ దానితో మాట్లాడుతోంది.

రేపు పొద్దున అవ్వ, నేను స్టూడియోకు పోతున్నాం. సినిమా టీవీలో వేసేలోపు ఆ ఉడత మాట మార్చాలని అడుగుతాం. మారుస్తారో లేదో, నన్ను మళ్లీ పనిలో పెట్టుకుంటారో లేదో తెలియదు. ఏం మాట్లాడాలో రాసిపెట్టుకుంటుంటే అవ్వ కాగితం లాక్కుంది.

"ఆడికి పోంగనే నీ నోట్లె మైకు మాటలొస్తయ్. ఊకో. నేను మాట్లాడుత."

రేపు అక్కడ అవ్వ మాట్లాడుతుంది. నేను నోరు మూసుకుని పక్కన నిలబడతాను.

ఇట్లు,
నీ మేనత్త కూతురు,
అనుపమ