చేతులు మోకాళ్ల మీద

అశోక్ నగర్, హైదరాబాద్
3 సెప్టెంబరు 2012

అమ్మకు అంబిక నమస్కారాలు.

నేను ఇక్కడ కులాసా. పుణేలో నువ్వూ, నీతో పని చేస్తున్న మనవాళ్లందరూ బాగున్నారని తలుస్తాను. ఈ నెలాఖరుకు నేను మళ్లీ న్యూజిలాండ్ వెళ్తున్నాను. ఆ మాట ఫోన్‌లో చెబితే నువ్వు ఏడుస్తావు, నేను పెట్టేస్తాను, అసలు సంగతి మిగిలిపోతుంది. అందుకే ఇప్పుడే రాస్తున్నాను. దాసయ్య మామా, అమ్మకు నెమ్మదిగా చదివి వినిపించు.

"హెలికాప్టర్ నేర్చుకున్నంక నౌకరి దొరకకుంటే ఏందే?" అని పోయిన ఉత్తరంలో అడిగించావు. నిజమే చెబుతాను. లైసెన్సు రాగానే ఎవరూ హెలికాప్టర్ చేతికివ్వరు. చాలా గంటలు ఎగిరి ఉండాలంటారు. మాలాంటి కొత్తవాళ్లకు ఆ గంటలు వచ్చే దారి, ఇంకా కొత్తవాళ్లకు నేర్పడమే. నేను హెలికాప్టర్ నేర్చుకున్న స్కూల్లో ఆ పనికి ముందు వాళ్ల దేశం పిల్లలను తీసుకుంటారు. వాళ్లు చాలకపోతేనే బయటి దేశాల నుంచి వచ్చినవాళ్లకు పిలుపు.

ఇక్కడ హాస్టల్లో నా గదిలో ఉండే జ్యోత్స్న గ్రూప్స్‌కు చదువుతోంది. "మీకు ఎన్ని పోస్టులు పడతయే?" అని అడిగింది. ఎవరైనా మానేస్తే ఒకటి అన్నాను.

"గిదేం నౌకరే! ఒకడు పోవాలని మొక్కుకోవాల్నా?"

మొక్కలేదు గానీ, ఒకతను మానేశాడమ్మా. మొన్న స్కూలు నుంచి మెయిల్ వచ్చింది. నేర్పే పరీక్ష ఒకటి పాసైతే ఆ ఉద్యోగం నాదే. వీసా కాగితాలు కూడా వాళ్లే చూస్తారు. చిక్కడపల్లిలో నెట్ సెంటర్ మెట్ల మీదే కాసేపు కూర్చుండిపోయాను. ఎన్నాళ్లకో గుండె తేలికైంది.

తిండికి లోటు లేదు. వంట చేసే కమలవ్వ నాకు రెండు గరిటెలు ఎక్కువే వేస్తుంది. నారాయణగూడ మార్కెట్‌కు తనే పోయి రావాలని ఆమె కోరిక. హాస్టల్ వాళ్ల స్కూటీ మీద బాగ్ లింగంపల్లి గ్రౌండ్‌లో పొద్దున్నే నేర్పుతున్నాను. మొదటి రోజు బండి జర వంకర పోగానే వెనక నుంచి హ్యాండిల్ పట్టేశాను. ఇద్దరం గోడకు గుద్దుకున్నాం.

"నడిపేది నేనా, నువ్వా? చేతులు తియ్యే!" అని అరిచింది.

తర్వాత చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చున్నాను. బండి తిన్నగా కూరగాయల బండి మీదికి పోతోంది. "పట్టుకున్నవా బిడ్డా?" "లేదవ్వా." "అయితే సస్తం!" అంటూ తనే బ్రేకు వేసింది. చక్రం వంకాయల గంపకు జానెడు దూరంలో ఆగింది. నా చేతులు మాత్రం కదల్లేదు.

మామా, ఇక్కడి నుంచి అమ్మను పక్కకు పిలిచి చదువు.

"సెలవులు గింత పొడుగుంటయా?" అని కూడా అడిగించావు. అవి సెలవులు కావమ్మా. ఆ నేర్పే పరీక్ష నేను ఒకసారి తప్పాను. పరీక్ష పెట్టే ఆయన విద్యార్థిలాగా కూర్చుని కావాలనే తప్పులు చేశాడు. ఆయన సరిదిద్దుకునేదాకా నేను ఆగాలి, ప్రమాదం తప్పదనిపిస్తేనే కంట్రోల్స్ అందుకోవాలి. నేను ప్రతిసారీ ముందే లాక్కున్నాను. "నువ్వు బాగా నడుపుతావు, కానీ నీ దగ్గర ఎవరూ నేర్చుకోలేరు" అన్నాడు. చదువుకునే వీసా కూడా అయిపోవడంతో తిరిగి వచ్చేశాను. నీకు చెప్పే ధైర్యం చాలలేదు.

ఆయన మాట నాకు ఎక్కడ తగిలిందో తెలుసా? ఇంట్లో చదువుకున్నది నేనొక్కదాన్నే. నీకు పేరు రాయడం నేర్పుతానని కూర్చున్నాను. 'హ' వంకర పోగానే బలపం నీ చేతిలోంచి లాక్కుని నేనే రాసేశాను. నువ్వు మళ్లీ అడగలేదు.

ఈసారి పాసవుతాననే అనిపిస్తోంది. నిన్ను అడగకుండానే వస్తానని స్కూలుకు రాసేశాను. కోపమైతే కోపమనే రాయించు. ఇరవయ్యో తారీఖులోగా జవాబు నాకు చేరాలి. మాటలన్నీ మామ రాస్తాడు. కింద హనుమమ్మ అని మాత్రం నువ్వే రాయి. మామా, నువ్వు చెయ్యి పట్టకు.

ఇట్లు,
నీ పెద్దబిడ్డ
అంబిక