జెడ్డాకు మూడు గంటలు

గురువారం, జూన్ 12, 1997

పొద్దున మరియమ్మగారు ఆబిడ్స్‌లోని మా ట్రావెల్ ఆఫీసుకు వచ్చారు. ఆమె చెల్లెలు సుగుణ నర్సు ఉద్యోగానికి శనివారం జెడ్డా వెళ్తోంది. టికెట్టు నా ముందు పెట్టి, "విమానం ఎన్ని గంటలు పోతది బిడ్డా?" అని అడిగారు. ఇక్కడ పదింటికి బయలుదేరి అక్కడ ఒంటిగంటకు దిగుతుందని ఉంది. "మూడు గంటలండీ," అని ఠక్కున చెప్పేశాను.

"గట్లయితే మూడు గంటలు మోకాళ్ల మీదనే ఉంట. అది దిగేదాక ప్రార్థన ఆపను," అన్నారు.

మధ్యాహ్నం డబ్బా విప్పి తింటూ గోడమీది దూరాల చార్టు చూశాను. జెడ్డా నాలుగు వేల కిలోమీటర్ల పైనే. అంత దూరం మూడు గంటల్లో ఏ విమానం పోతుంది! అక్కడి గడియారం మనకన్నా రెండున్నర గంటలు వెనక. ఆ తేడా కలపడమే మరిచాను. ప్రయాణం ఐదున్నర గంటలు. ఉద్యోగంలో చేరి మూడు నెలలైనా నోటి తొందర మాత్రం తగ్గలేదు నాకు.

సాయంత్రం నాంపల్లిలో వాళ్లింటికి నడిచి వెళ్లి తప్పు ఒప్పుకున్నాను. వాచిన ఆ మోకాళ్లు చూసి, కుర్చీలో కూర్చుని ప్రార్థన చేసుకోమన్నాను. ఆమె ఆ మాటే పట్టించుకోలేదు.

"మంచిగ చెప్పినవ్ బిడ్డా. లేకుంటే పిల్ల ఇంక గాలిలనే ఉండంగ, నేను ఆమెన్ అని లేస్తుంటి," అన్నారు.

అంటే శనివారం మూడున్నర దాకా మోకాళ్ల మీదే. విమానం ఆలస్యంగా కూడా బయలుదేరవచ్చని మాత్రం నేను చెప్పలేదు...