ఆళ్లగడ్డ ఐసు మీద నా మౌనం

మే 4, ఆదివారం
ఉదయం 11.40. చర్చి నుంచి వచ్చేసరికి గుమ్మంలో నా మనవరాలు జెస్సీ! నంద్యాలలో డిగ్రీ చదువుతోంది. పోయిన సెలవుల్లో రెండో రోజే అలిగి వెళ్ళిపోయింది. దాని కవితలో పదకొండు తప్పులు చూపించానని. ఉన్నవే పదకొండు. నేను కలిపినవి కావు.

ఈసారి సినిమా తీస్తుందట. ఐసు మీద బూట్లకు కత్తులు కట్టుకుని నాట్యం చేసే పోటీలుంటాయి కదా, ఫిగర్ స్కేటింగ్, వాటిని వెక్కిరిస్తూ ఇరవై నిమిషాల హాస్యం. కాలేజీ పండుగలో వేస్తారట. ఐసు యాడిది? మా పెరట్లోనే! ఆళ్లగడ్డలో, మే నెలలో!

"అవ్వా, ఒకే షరతు. ఒక్క తప్పు పట్టినావంటే నంద్యాల బస్సెక్కుతా."

"పట్టనే. ముప్పై నాలుగేళ్ళు లెక్కలు చెప్పినదాన్ని, మాట తప్పుతానా?"

సంకల్పం: షూటింగ్ అయ్యేవరకు ఎవరినీ దిద్దను. ఇంత సులువైన సంకల్పం నా జీవితంలో పెట్టుకోలేదు.

మే 5
హీరో ఇంతియాజ్. మా వీధి కుర్రాడే, ఇళ్ళలో బండలు పాలిష్ చేస్తాడు. ఒంటికి అంటుకుపోయే వెండి రంగు చొక్కా, మెడ చుట్టూ కోడి ఈకలు. కథలో వాడి జోడీ పోటీ రోజున పారిపోతుంది. అందుకని పాలిష్ మిషనుకు ఓణీ కట్టి దానితోనే జంట నాట్యం చేస్తాడు.

నేను నవ్వలేదు. లోపలికి వెళ్ళి నవ్వి వచ్చాను.

మింగిన మాటలు: 9. ఆరోగ్యం బాగుంది.

మే 6
జడ్జి పాత్ర పక్కింటి సర్దార్‌బీకి ఇచ్చారు. ఆమెకు గాజుల అంగడి ఉంది. సినిమాలో ఫిన్లాండ్ నుంచి వచ్చిన జడ్జి. ఆ దేశపు భాష రాదు కాబట్టి ఉర్దూలో తిడితే చాలన్నారు. అది ఆమెకు బాగా వచ్చు.

నాట్యం కాగానే మార్కుల అట్ట ఎత్తింది. పదికి పన్నెండు!

దగ్గాను.

"ఆ దగ్గేంది అవ్వా?" అంది జెస్సీ.

"దుమ్మే."

దగ్గడం దిద్దడం కాదు. మింగినవి 23. కడుపులో మంట, రెండు గ్లాసుల మజ్జిగ తాగాను.

మే 7
సర్దార్‌బీ ఒంటరిగా చిక్కింది. నేను సినిమా మాట ఎత్తలేదు. గణితం గురించి మాత్రమే మాట్లాడాను.

"పదికి పన్నెండు ఎట్ల వస్తాయి సర్దార్‌బీ?"

"పిల్లోడు అంత బాగా ఆడినాడు టీచరమ్మా! పది ఇస్తే నాకే సిగ్గయితాది. నీ మాదిరి పిసినారి జడ్జిని కాదు నేను."

ఇది పొరుగువారి సంభాషణ. సంకల్పానికి సంబంధం లేదు.

మే 8
ఇంతియాజ్ మా పెరటి బండలన్నీ పాలిష్ చేశాడు. నీళ్ళు, రాతిపొడి కలిసి నేలంతా పాలు పోసినట్టయింది. పాలిష్ అయ్యాక ఆ గసి కడిగేయాలి, అది పద్ధతి. బకెట్టు ఎత్తాడో లేదో జెస్సీ అడ్డం పడింది.

"కడగొద్దన్నా! అచ్చం ఐసు మాదిరే ఉండాది."

"కాలు పెడితే జారుతాదమ్మా."

"జారాలనే కదన్నా మన తిప్పలు!"

నేను కిటికీలోంచి బకెట్టును చేత్తో చూపించాను. నోరు విప్పలేదు. సైగలు లెక్కలోకి రావు.

మే 9
ఉదయం 7.15. ఆఖరి సీను. ఇంతియాజ్ మిషనును కావలించుకుని గిర్రున తిరిగాడు. ఓణీ గాలికి లేచింది. ఈకలు రాలాయి. సర్దార్‌బీ లేచి నిలబడి అట్ట ఎత్తింది.

పదికి పదిహేను!!

ఇక నావల్ల కాలేదు. "ఆపండి!" అని అరిచి పెరట్లోకి దిగాను.

కింద గసి ఉందన్న సంగతి మరిచాను.

కాళ్ళు కదపలేదు. చేతులు కదపలేదు. ఒక చేతిలో కళ్ళజోడు, ఇంకో చేతిలో కొంగు, నిటారుగా, ఇంతియాజ్ పక్కగా, మిషను పక్కగా, పెరడంతా జారుకుంటూ పోయి జడ్జి బల్ల దగ్గర ఆగాను. ఆగాక అట్ట లాక్కుని పదిహేను కొట్టేసి ఆరున్నర వేశాను.

"యా అల్లా! టీచరమ్మకు చక్రాలుండాయి!" అంది సర్దార్‌బీ.

జెస్సీ షూటింగ్ ఆపేసింది. లోపలికి వెళ్ళింది. బ్యాగు జిప్పు చప్పుడు వినిపించింది. నేను మెట్టు మీద కూర్చున్నాను. ఈ పిల్ల ఇల్లు దాటితే మళ్ళీ ఏడాదికి గాని ముఖం చూపదు. ఇంతియాజ్ బకెట్టుతో నీళ్ళు పోసి నా పాదాలు కడిగాడు.

జెస్సీ బ్యాగుతో బయటికి వచ్చింది.

"యాడికే?"

"నంద్యాలకు."

కొంగుతో కళ్ళజోడు తుడుచుకున్నాను.

"తళుకుల అంచు తెస్తా. నీ చీరకు కుట్టల్ల. రేపు ఇంకోసారి జారాల అవ్వా, దగ్గర్నుంచి షాట్ లేదు. సాయంత్రానికి వస్తా, చిత్రాన్నం చేసిపెట్టు."

మే 10, శనివారం
జారాను. నాలుగు టేకులు. నాలుగోది శుభ్రంగా వచ్చింది.

రాత్రి జెస్సీ సినిమా అంతా ఫోనులో చూపించింది.

"యాడ బాగలేదో చెప్పు."

"అంతా బాగుంది."

"మొహమాటమొద్దవ్వా. నిజం చెప్పకపోతే నంద్యాలకు పోతా."

చెప్పాను. గంటా నలభై నిమిషాలు. అది అలగలేదు. మధ్యలో లేచి నాకు మజ్జిగ కూడా తెచ్చింది.

అయితే అనుమతి సినిమా వరకే. లేచే వేళ, కూర్చునే తీరు, తల దువ్వుకోవడం, వీటి గురించి నేను నోరు మూసుకోవాలి. కొత్త సంకల్పం, రేపటి నుంచి.

రేపు ఆదివారం. ఆదివారం మా ఇంట్లో ఏ పనీ మొదలుపెట్టం. సోమవారం నుంచి.

ఈలోగా జెస్సీ తడి తువ్వాలు మంచం మీద వేసింది. చెప్పి వస్తాను.