ఆఖరి రంగంలో తల్లి

బెల్ములెట్,
శుక్రవారం.

తమ్ముడు ఫియక్రాకు,

పోయిన శనివారం నీ కొత్త నాటకం చూశాను. డబ్లిన్‌లో ఎవరు కొత్త నాటకం రాసినా బస్సెక్కి వచ్చేసే పిచ్చిదాన్ని, నీది మానతానా? పెళ్లికాని అక్క, మంచంపట్టిన తల్లికి టీ కలుపుతూ "అమ్మ పోతే నేనెవరికి వండాలిరా?" అంటుంటే హాలంతా ఒకటే నవ్వు. ఆ మాట నేను నీతో ఫోన్లో ఏడుస్తూ అన్నది. పక్క సీటావిడ నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంటూ, "ఇలాంటివాళ్లు నిజంగా ఉంటారంటారా?" అని అడిగింది. "ఎక్కడుంటారండీ, అంతా కల్పన" అన్నాను. నేనూ నవ్వాను. రాత బాగుంది మరి.

అమ్మ సోమవారం పోయింది. నిన్న సమాధి చేశాం. రెండు రోజులు ఊరంతా శవం పక్కన కూర్చుంది. "కొడుకేడీ?" అని అందరూ అడిగారు. కబురు పెట్టానని, నాటకం వదిలి రాలేనన్నావని చెప్పాను. చర్చి ఫాదర్‌తో సహా ఒక్కరూ నా కల్పనను అనుమానించలేదు. "వాడంతేలే" అని శాండ్‌విచ్‌లు తిన్నారు.

నీ ఆఖరి రంగంలో తల్లి కొడుకు పేరు పిలుస్తూ ప్రాణం విడుస్తుంది. అమ్మ పిలవలేదు. అయినా మార్చకు. జనం ఏడ్చేది అక్కడొక్కచోటే.

అక్క