గేదె నోట్లో చెయ్యి పెట్టినవాళ్ళు

బావగారికి నమస్కారాలు.

ఇక్కడ మబ్బు పట్టింది. పొద్దుటి నుంచి కళ్ళంలో మిరపకాయలు పోగుచేస్తున్నాం.

మొన్న ఆదివారం గొంతులో ఏదో అడ్డుపడిందని మీరు మోచేతి దాకా చెయ్యి పెట్టి వెతికారే, ఆ గేదె నిన్న చచ్చిపోయింది. బీడులో మేసేటప్పుడు పిచ్చినక్క కరిచి ఉంటుందని పశువుల డాక్టరు చెప్పాడు. దాని నోట్లో చెయ్యి పెట్టినవాళ్ళందరూ బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు వేయించుకోవాలట.

ఆ రోజు నేను ముందంటే నేను ముందని ఎగబడ్డ తొమ్మిదిమందీ నిన్న "నేను తోకే పట్టుకున్నా" అన్నారు. "ఏరా, చొక్కా చేతులు మడిచింది తోక పట్టుకోడానికా?" అని గురవమ్మత్త అడిగితే వీధంతా పడీపడీ నవ్వింది.

సూదంటే మీకు భయమని అక్క చెప్పింది. అయినా ఈ కార్డు అందిన రోజే వినుకొండ ఆసుపత్రికి వెళ్ళండి. జబ్బు బయటపడ్డాక మందు లేదట.

ఎనిమిదిమంది పొద్దున ఏడింటి బస్సుకు ఒంగోలు వెళ్ళారు. నన్ను రెండింటి బస్సుకు గురవమ్మత్త తీసుకెళుతోంది.