ఆర్.సి. కాలనీ పూర్తి పేరు

నందిగామ,
ఆర్.సి. కాలనీ.

పెద్దలు భవానీప్రసాద్ గారికి లూర్దమ్మ టీచరు నమస్కరించి రాయడం.

ఇక్కడ మేమంతా కులాసా. మీ కంటి ఆపరేషను బాగా జరిగిందని మీ అబ్బాయి, నా శిష్యుడు సతీష్‌బాబు బజారులో కనబడి చెప్పాడు. ఫోను చేద్దామనుకున్నా గానీ, పోయినసారి నేను "బావున్నారా?" అంటే మీరు "ఏ బావ?" అని అడిగారు. అందుకే ఉత్తరం.

సంగతేమిటంటే, ఊరి చుట్టూ పెరిగిన కాలనీల చరిత్రా, వాటిలో ఎవరెవరు ఉంటున్నారన్న లెక్కా కలిపి మున్సిపల్ ఆఫీసువాళ్ళు ఒక పుస్తకం వేస్తారట. కాలనీ మొదట్లో పెద్ద ద్వారం కట్టి దానిమీద పూర్తి పేరు రాయిస్తారట. సోషల్ చెప్పినదాన్ని కదా అని మా కాలనీ సంఘంవాళ్ళు ఆ పని నా నెత్తిన పెట్టారు. అశోకుడి చరిత్ర ముప్ఫై ఏళ్ళు చెప్పా. మా వీధి చరిత్ర ఒక్క పేజీ సాగడం లేదు.

ఇక్కడ ఒకప్పుడు మీ పొలం తప్ప ఏమీ లేదనీ, మీ నాన్నగారు ప్లాట్లు వేసి అమ్మారనీ రాశా. మొదట మాబోటి టీచర్లం వచ్చాం, తరవాత పొలం పనులకెళ్ళే కుటుంబాలు, ఆ తరవాత ముక్త్యాల సిమెంటు ఫ్యాక్టరీ ఉద్యోగులు, హైవే వెడల్పు చేసినప్పుడు కొట్లు పోయినవాళ్ళు. అంతవరకూ బాగానే నడిచింది. ఆర్.సి. దగ్గర పెన్ను ఆగింది. ఆ రెండక్షరాలకి అర్థం ఇక్కడ ఒక్కరికీ తెలియదు. తెలియని ప్రతివాళ్ళూ చెబుతున్నారు.

నెలాఖరులోగా మేం తేల్చకపోతే తనకు తోచింది రాసుకుంటానని ఆఫీసు గుమాస్తా అన్నాడు. అతనికి తోచింది 'రేషన్ కార్డ్ కాలనీ'. ఆ ద్వారం కిందనుంచి నేను రోజూ చర్చికి వెళ్ళాలి.

ప్లాట్లు అమ్మేటప్పుడు మీ అమ్మగారే దగ్గరుండి మాట్లాడేవారు. కాబట్టి నాన్నగారి సంగతులూ, ముఖ్యంగా అమ్మగారి వివరం తప్పకుండా పంపించండి. అమ్మగారి వివరం వస్తే గానీ ద్వారం పని కదలదు.

మీ మేలు కోరే
లూర్దమ్మ

తా.క.: ఆర్.సి. అంటే రోమన్ కేథలిక్ అని కొందరు. నా పేరు లూర్దమ్మ కాబట్టి అది నేనే పుట్టించానని మిగతావాళ్ళు. ఈ కాలనీలో కేథలిక్కులవి మూడిళ్ళు. అందులో ఒకటి తాళం వేసి ఉంటుంది.

---

జగ్గయ్యపేట.

టీచరమ్మగారికి భవానీప్రసాద్ నమస్కారాలు.

మీ ఉత్తరం మా కోడలు ఉషశ్రీ గట్టిగా చదివి వినిపించింది. కొన్నాళ్ళదాకా కళ్ళకి పని పెట్టొద్దని డాక్టరు చెప్పాడు. ఈ జవాబు కూడా నేను చెబుతుంటే అమ్మాయే రాస్తోంది.

వింటుంటే కళ్ళు చెమర్చాయండి. చుక్కలమందు వల్ల కాదు. మా అమ్మ విగ్రహం కావాలని మీ అంతట మీరు అడగడం, అదీ ద్వారం దగ్గర పెట్టడానికి! విగ్రహం వస్తే గానీ పని కదలదన్నారు చూడండి, ఆ మాట రెండుసార్లు చదివించుకున్నా. మా చుట్టాల్లో ఒక్కడికైనా తట్టిందా ఈ ఆలోచన? టీచర్లు టీచర్లే.

ఆర్.సి. అంటే ఏమిటని అడగడం మాత్రం విచిత్రంగా ఉంది. రాఘవమ్మ, చంద్రయ్య. మా అమ్మా, మా నాన్నా. నాకెవరూ చెప్పలేదనుకోండి. ఇంకేముంటుంది?

ఖర్చు గురించి మీరు మాట్లాడొద్దు. చిల్లకల్లు దగ్గర సిమెంటు బొమ్మలు చేసే అతనికి ఇవాళే ఫొటో పంపిస్తున్నా. మీరు చోటు చూసి ఉంచండి.

మీ
భవానీప్రసాద్

తా.క. (ఇది ఉషశ్రీ సొంతంగా రాసుకుంటున్నది): టీచరుగారూ, నేను 'వివరం' అనే చదివానండి. మామయ్యగారు 'విగ్రహం' అని విన్నారు. మూడుసార్లు అరిచి చెప్పా. ఆ అరుపులకి పక్కింటివాళ్ళొచ్చి ఎవరి విగ్రహం అని అడిగారు. ఇక నావల్ల కాలేదు. మీరే రాయండి.

---

నందిగామ.

గౌరవనీయులైన భవానీప్రసాద్ గారికి లూర్దమ్మ నమస్కారాలు.

అయ్యా, నేనడిగింది వివరం. విగ్రహం వద్దండీ. మీ అమ్మగారంటే మాకు చాలా గౌరవం. అయినా విగ్రహం వద్దు. దయచేసి విగ్రహం వద్దు.

ఆదివారం సాయంత్రం సంఘం మీటింగులో మీ ఉత్తరం చదివా. చదవకుండా ఉండాల్సింది. మా కార్యదర్శి వరప్రసాదరావు గారు, సిమెంటు ఫ్యాక్టరీలో రిటైరయ్యారు, "ఆర్.సి. అంటే రెసిడెన్షియల్ కాలనీ అండీ, సింపుల్" అన్నారు. అప్పుడు పూర్తి పేరు రెసిడెన్షియల్ కాలనీ కాలనీ అవుతుందన్నా. "రెండు కాలనీలుంటే నిధులు కూడా రెండింతలొస్తాయేమో చూడండి" అన్నారు. సొలొమోను పాస్టరు గారు దేనికీ ఒప్పుకోవడం లేదు. రోమన్ అన్నా ఒప్పుకోరు, విగ్రహమన్నా ఒప్పుకోరు.

జనం లెక్క ఇంకా అయోమయంగా ఉంది. ఏ మతం ఇళ్ళు ఎన్ని అని గుమాస్తా అడిగాడు. మూలమీద ఇంట్లో ఆయన తిరుపతి కొండకి వెళతారు, ఆవిడ గుణదల మరియమ్మ దగ్గరికి వెళుతుంది, పిల్లలు ఎవరు తీసుకెళితే వాళ్ళతో పోతారు. "ఏం రాయమంటారమ్మా?" అంటే ఆవిడ, "ప్రయాణాలని రాయండి టీచరుగారూ" అంది. ఒకరింట్లో అత్తగారు లూథరన్, కోడలు బాప్టిస్టు, మామగారు నిద్ర. ఎన్నిసార్లు కూడినా మతాలు మనుషులకంటే ఎక్కువొస్తున్నాయి.

కాబట్టి మీరు వివరం మాత్రం పంపండి. రాఘవమ్మ, చంద్రయ్య అని గట్టిగా తెలిస్తే దానికి ఆధారం ఏమిటో రాయండి.

ఇట్లు, తలనొప్పితో
లూర్దమ్మ

తా.క.: ఉషశ్రీ తల్లీ, ఈ ఉత్తరం ఆయన చెవి దగ్గర కూర్చుని చదువు. 'వద్దు' దగ్గర చెయ్యి కూడా ఊపు.

---

జగ్గయ్యపేట.

టీచరమ్మగారికి నమస్కారాలు.

విగ్రహం పెద్దదండీ, పెద్దదండీ అని మూడుసార్లు రాయాలా? ఒక్కసారి అడిగితే చెయ్యనా? మొదట గుండెల వరకే అనుకున్నా. మీ ఉత్తరం విన్నాక నిలువెత్తు చెయ్యమని కబురు పెట్టా. కొంగు తలమీద కప్పుకుని, రెండు చేతులూ జోడించి ఉంటుంది.

సొలొమోను పోస్టరు వేయిస్తున్నాడని విని సంతోషించా. ఎవరండీ ఆయన? మంచివాడల్లే ఉన్నాడు. పోస్టరు మీద మా నాన్న ఫొటో కూడా ఒక మూల వేయమనండి, లేకపోతే బాగుండదు.

రెండు కాలనీలకి మా అమ్మ పేరు పెడతామంటున్నారట. ఒక్కటి చాలు. అత్యాశ పనికిరాదు.

ఆవిష్కరణకి కీసరనుంచి మావాళ్ళని తీసుకురావడానికి వ్యాన్ మాట్లాడా. అక్కడ మాత్రం ఏమీ చెప్పలేదు. వచ్చి చూసి ఆశ్చర్యపోవాలి.

మీ
భవానీప్రసాద్

తా.క. (ఉషశ్రీ): క్షమించండి టీచరుగారూ. నేను పుట్టింటికి వెళ్ళానండి. మీ ఉత్తరం మీ శిష్యుడు చదివి వినిపించారు, క్రికెట్ చూస్తూ. చెయ్యి ఊపారట గానీ అది సిక్సర్‌కట.

---

నందిగామ.

భవానీప్రసాద్ గారికి లూర్దమ్మ రాయడం.

మీ అమ్మగారు పోయిన వారం లారీలో దిగారు.

ఎవరికీ చెప్పకుండా తెల్లవారకముందే దించి, గడ్డి చుట్టి, కాలనీ మొదట్లో నిలబెట్టి వెళ్ళిపోయారు. పొద్దున్నే పాల ప్యాకెట్లకని బయల్దేరిన మా పక్కింటి కృపాజ్యోతి గడ్డి తీసి చూసింది. తలమీద కొంగు, జోడించిన చేతులు. మరియమ్మ తల్లిని బిషప్ గారు పంపించారనుకుని పరుగున వెళ్ళి కొవ్వొత్తి తెచ్చి వెలిగించింది. ఆవిడ నన్ను పిలవడానికి వచ్చేలోపు ఎదురింటి రాజ్యశ్రీ గారు అమ్మవారనుకుని పాదాలకి పసుపు రాసి, నుదుట బొట్టు పెట్టి, నిమ్మకాయల దండ వేశారు. నేను వెళ్ళేసరికి ఇద్దరూ చెరోవైపు కళ్ళు మూసుకుని ఉన్నారు. ఏమని చెప్పను? నేనూ ఒక నిముషం కళ్ళు మూసుకున్నా.

కళ్ళు తెరిచేసరికి సొలొమోను పాస్టరు గారు. "టీచరుగారూ, మీరు కూడానా!" అన్నారు. విగ్రహం పక్కనే నిలబడి విగ్రహాలు కూడదని అరగంట వాక్యం చెప్పారు. ఆయన వాక్యం వినడానికి అంతమంది జనం ఇదివరకెప్పుడూ రాలేదు. ఆ సమయంలోనే గుమాస్తా వచ్చాడు. అంతా చూసి, "ఈవిడది ఏ ఇల్లండీ?" అని అడిగాడు. కళ్ళజోడు మర్చిపోయాడట.

ఇక చేసేది లేక మీటింగు పెట్టి నిజం చెప్పేశా. ఇది అమ్మవారూ కాదు, మరియమ్మా కాదు, ఈ భూమి అమ్మిన రాఘవమ్మ గారని. అందరూ కాసేపు సిగ్గుపడ్డారు. తరవాత వరప్రసాదరావు గారు, "ఎంతైనా పోయిన పెద్దమనిషి" అన్నారు. అందరం లేచి మీ అమ్మగారి ఆత్మశాంతి కోసం రెండు నిముషాలు మౌనం పాటించాం. పాస్టరు గారు కూడా నిలబడ్డారు.

కానీ సార్, పేరు గొడవ తీరలేదు. రాఘవమ్మ, చంద్రయ్య అన్నదానికి మీ మాట తప్ప సాక్ష్యం లేదు. సగం కాలనీ ఒప్పుకుంది, సగం కాలనీ నాతో మాట్లాడటం లేదు. ముప్ఫై ఏళ్ళుగా ఏది వండినా ఒకరింటికొకరు పంపుకున్నవాళ్ళం. ఈ వారం ఏ ఇంటినుంచీ గిన్నె రాలేదు. నాకు నిద్ర పట్టడం లేదు. రేషన్ కార్డే నయమనిపిస్తోంది.

బాధతో
లూర్దమ్మ

తా.క.: అమ్మగారి వర్ధంతి ఎప్పుడో తెలియజేయండి. విగ్రహం కింద రాయాలట.

---

జగ్గయ్యపేట.

అమ్మాయ్ లూర్దమ్మా, రాఘవమ్మ దీవించి రాయించడం.

కాగితం పట్టుకుని కేక పెట్టకు. నేను బతికే ఉన్నా.

మూడేళ్ళుగా కీసరలో మా అమ్మాయి దగ్గర ఉంటున్నా, అంతే. కీసర వెళ్ళడమంటే పైకి వెళ్ళడం కాదు. ఎవరిదో విగ్రహం తెరుస్తారని ప్రసాదు వ్యాన్ పంపితే, చూసొద్దామని ఎక్కా. ఇక్కడ దిగాక ఉషశ్రీ నీ ఉత్తరం చదివింది. నా చెవులు బాగానే ఉన్నాయి. వాడికి వాళ్ళ నాన్న చెవులొచ్చాయి. నా వర్ధంతి తేదీ నాకు తెలియదు. తెలిస్తే చెబుతాలే.

ఇక ఆర్.సి. సంగతి. అది నా పేరూ కాదు, ఆయన పేరూ కాదు. రాహేలు చెలక.

నేను కాపరానికొచ్చేసరికి అదంతా రాళ్ళనేల, మెట్ట చెలక. మా మామగారు రాహేలు అనే ఆవిడకి, సగం పంట మాకిచ్చేట్టు, పాలుకిచ్చారు. రాహేలూ, వాళ్ళాయనా ఏరిన రాళ్ళు గుట్టలైతే వాటితోనే గట్లు వేశారు. వాళ్ళాయన పాము కరిచి పోయాక ఆవిడొక్కతే చేసింది. మిరప వేసి మొదటిసారి పండించినరోజు అదేదో తన పెళ్ళయినట్టు నన్ను చెయ్యి పట్టుకుని పొలమంతా తిప్పింది. అత్తగారికి తెలిస్తే తిడుతుందని నేను భయం భయంగానే తిరిగా. అప్పటినుంచీ ఊళ్ళో అందరూ రాహేలు చెలక అనే అన్నారు. ప్రసాదు హాస్టల్లో పెరిగాడు, వాడికేం తెలుసు.

పంట కళ్ళబడ్డాక మామగారు పొలం వెనక్కి తీసేసుకున్నారు. ఆవిడ ఏమీ అనలేదు. నేనూ ఏమీ అనలేదు. ప్లాట్లు వేసేనాటికి ఆవిడ లేదు, ఆవిడకి పిల్లలు కూడా లేరు. హద్దురాళ్ళమీద రా.చె. అని రాయించమని మా ఆయన్ని అడిగా. సర్వేయరు ఇంగ్లీషులో ఆర్.సి. అని కొట్టాడు. రాళ్ళు ఏరింది ఆవిడ, పట్టా మాది, అమ్మిన డబ్బూ మాదే. పేరొక్కటి మిగిలింది. అది కూడా మీరు రేషన్ కార్డుకి ఇచ్చేట్టున్నారు.

ఆ బొమ్మ ఫొటో చూశా. నా పోలిక ఒక్కటీ లేదు. నా ముక్కు అంత సూటిగా ఏనాడూ లేదు. రాహేలు ముక్కు కూడా అంతే. కానీ ఆవిణ్ణి చూసినవాళ్ళలో నేనొక్కదాన్నే మిగిలా. ఆ బొమ్మ ఆవిడే అని నేనంటే ఆవిడే. కింద రాహేలు అని రాయించండి. ఆవిడ బొట్టు పెట్టుకోదు, అది తుడిచెయ్యండి. పాస్టరు గారికి ఇబ్బందైతే ద్వారానికి మూడో స్తంభం అనుకోమను. మీ చరిత్రలో మొదటి మనిషిగా ఆవిణ్ణి రాయి.

ఇదంతా ప్రసాదుకి నాలుగుసార్లు చెప్పా. అర్థమయ్యాక లేచి వెళ్ళి కళ్ళకి చుక్కలమందు వేసుకొచ్చాడు. తరవాత, "వ్యాన్ ఉందిగా అమ్మా, ఎల్లుండి వెళదాం" అన్నాడు. వస్తున్నాం. నేను బతికున్నానని అందరికీ ముందే చెప్పిపెట్టు, చూసి జడుసుకుంటారు. నాకోసం నిలబడ్డ ఆ రెండు నిముషాలూ రాహేలుకి రాసెయ్యండి.

ఉంటా మరి
రాఘవమ్మ

తా.క. (ఉషశ్రీ): నాయనమ్మగారు బజారుకెళ్ళి ఎర్ర అంచు చీర ఒకటి కొనుక్కొచ్చారండి. రాహేలుగారికట. ఆవిడ ఉన్నన్నాళ్ళూ తను కట్టి విడిచిన చీరలే ఇచ్చేవారట. "నిలువెత్తు సిమెంటు బొమ్మకి చీరెలా కడతారు నాయనమ్మా?" అన్నా. "కట్టను, చేతిలో పెడతా" అన్నారు. చేతులు జోడించి ఉన్నాయండీ అంటే, ఇంకా ఆలోచిస్తున్నారు.